రాజీ లేని రాజీనామా
సినిమాలో పోలీసు హీరో పై అధికారితో గొడవపడి, టోపీ తీసి బల్ల మీద పెట్టి, రాజీనామా మొహాన కొట్టి బయటికి నడుస్తాడు. హాలంతా ఈలలు. ఆ కాగితం పేరు మాత్రం ఎంతో మెత్తనిది. అరబ్బీ మూలపు ‘రాజీ’ అంటే సమ్మతించిన, తృప్తిపడిన అని. పారసీ ‘నామా’ అంటే పత్రం. వెరసి ఒప్పుదల పత్రం. హిందీలో కక్షిదారులు సర్దుకుని రాసుకునే కాగితం ఇప్పటికీ రాజీనామాయే. కొలువు మానేయడానికి వాళ్లకు ఇస్తీఫా వేరే ఉంది. మరి మన దగ్గర అర్థం ఎలా తిరగబడింది? రైత్వారీ పద్ధతిలో రైతు భూమి వదులుకుంటే, ఇష్టపూర్వకంగానే వదులుతున్నానని సర్కారుకు రాసిచ్చేదాన్ని రాజీనామా అనేవారు. ఆ ఇష్టం కాస్తా జారిపోయి వదులుకోవడం మిగిలిందనీ, పొలం స్థానంలోకి కుర్చీ వచ్చిందనీ నా ఊహ. మరాఠీ, కన్నడాల్లోనూ ఈ మాటకు మన అర్థమే. అదే ధాతువుకు పుట్టిన ‘రజా’ మరాఠీలో సెలవు. ‘నామా’ సంతానం ఇంకా ఉంది. వీలునామాలో ఇంగ్లీషు విల్లుకు పారసీ తోక తగిలించాం. చిరునామా అసలు ‘సర్‌నామా’, అంటే ఉత్తరం తలకట్టు. ‘చిరు’ చేర్చి ముద్దుగా సొంతం చేసుకున్నాం. ఇప్పటి ఐటీ కుర్రాళ్లు ‘పేపర్ పెట్టేశా’ అంటున్నారు, నామాను ఉంచుకుని రాజీని వదిలేసి. నోటీసు గడువులో మేనేజరు బతిమాలి, జీతం పెంచి ఆపేస్తే మాత్రం, పాత లెక్కన అసలు రాజీనామా అప్పుడు రాసుకున్నట్టు.