జూరీ పిలుపు: మన జిల్లా కచేరీల్లో ఒకనాటి బాధ్యత

గుంటూరు కోర్టు వరండాలో పది నిమిషాలు నిలబడితే చాలు, చెవిన పడే మాటల్లో సగం అరబ్బీ, ఫారసీల నుంచి వచ్చినవే. వకీలు, దావా, ఫిర్యాదు, హాజరు, జామీను, అమీను, నాజరు, మహజరు. వీటిలో ముద్దాయి అన్న మాట మరీ తమాషా. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. తెలుగులో కొచ్చేసరికి పాపం వాడే బోనెక్కాడు. ఎట్లా తారుమారైందో భాషా పండితులు చెప్పాలి.

ఇన్ని మాటల మధ్య జూరీ ఒక్కటి ఇంగ్లీషు వాళ్ళది. ఆ మాట ఈ నాటి పిల్లలకు సినిమాల్లో తప్ప తగలదు. అమెరికాలో స్థిరపడి అక్కడి పౌరులైన మన గుంటూరు, ఒంగోలు పిల్లలు మాత్రం తమకు జూరీ పిలుపు వచ్చిందని ఇళ్ళకు ఫోను చేసి చెబుతుంటారు. ఇక్కడున్న పెద్దవాళ్ళు అదేదో కేసులో ఇరుక్కున్నాడేమోనని కంగారు పడతారు. అటువంటి పిలుపు ఒకప్పుడు మన దేశంలోనూ, మన జిల్లాలోనూ వచ్చేది. అది వస్తే ఏం చేయవలసి వచ్చేది, ఎవరికి వచ్చేది, ఎందుకు పోయింది అన్న సంగతులు సావనీరు చదువరుల కోసం ఇక్కడ కూర్చుతున్నాము.

కొంచెం వెనక్కి పోవాలి. ముర్తజానగర్ అని పిలిచిన గుంటూరు సర్కారు నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరుగా ఉండేది. ఆయన 1782లో పోయాడు, 1788లో సర్కారు కంపెనీ చేతికి వచ్చింది. చేతులు మారినా నేర విచారణ మాత్రం చాలా కాలం ఇస్లాం ధర్మశాస్త్రం మీదనే నడిచింది, కంపెనీ వారి సవరణలతో. ఉత్తర సర్కార్లకు మచిలీపట్నంలో ప్రొవిన్షియల్ కోర్టు ఉండేది. దాని జడ్జీలు జిల్లాలు తిరిగి విచారణ జరిపేవారు. దొర పక్కన ఖాజీనో ముఫ్తీనో కూర్చునేవాడు. సాక్ష్యమంతా విని, నేరం రుజువైనదా లేదా, శిక్ష ఏమిటి అని ఆయన ఫత్వా రాసి ఇవ్వాలి. దొరకు ఆ ఫత్వా నచ్చకపోతే కాగితాలు మద్రాసు ఫౌజ్‌దారీ అదాలత్‌కు పోయేవి. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఇదే ఏర్పాటు వేరే వేషంలో మళ్ళీ వస్తుంది.

మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రోకు ఊరి పెద్దల తీర్పు మీద నమ్మకం ఎక్కువ. 1816 రెగ్యులేషన్లలో గ్రామ మునసబులు, పంచాయతీలు వచ్చాయంటే ఆయన పట్టుదలే కారణం. గవర్నరుగా ఉండగా 1827లో నేర విచారణలో క్రమంగా జూరీని ప్రవేశపెట్టాలని ఒక రెగ్యులేషన్ కూడా తెచ్చాడు. ఆ యేడే జూలైలో పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయాడు.

అసలు మార్పు 1862 జనవరి 1న జరిగింది. ఆ ఒక్క రోజున ఇండియన్ పీనల్ కోడ్, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ రెండూ అమల్లోకి వచ్చాయి. ఫత్వా పోయింది. 1864 పదకొండో చట్టంతో ప్రభుత్వం ఖాజీలను నియమించడం కూడా మానుకున్నది. నిఖాకు ఖాజీ లేక ఇబ్బంది పడి మన వాళ్ళు మొర పెట్టుకోగా 1880లో ఖాజీల చట్టం చేసి, మొట్టమొదట మద్రాసు రాజధానికే దానిని వర్తింపజేశారు. కానీ అప్పటికి ఖాజీ గారికి మిగిలింది పెండ్లి రిజిష్టరు మాత్రమే. కచేరీలో ఆయన కుర్చీ వేసిన చోట ఇప్పుడు ఊళ్ళ నుంచి పిలిపించిన పెద్దమనుషుల బెంచీ వేశారు. వారే జూరర్లు, అసెసర్లు.

ఈ రెండూ ఒకటి కావు. జూరీది తీర్పు. అసెసరుది అభిప్రాయం. అసెసరు ఒక్కొక్కరు తన అభిప్రాయం చెబితే జడ్జీ రాసుకొనేవాడు, దానికి కట్టుబడనవసరం లేదు. మద్రాసు రాజధాని జిల్లాల్లో జూరీ ముఖ్యంగా దొంగతనం, కన్నం, దోపిడీ వంటి సొత్తు నేరాలకు. ఖూనీ వంటి వాటికి అసెసర్లు. ఒకే విచారణలో దోపిడీ, ఖూనీ రెండు నేరాలూ మోపితే అప్పుడు చూడాలి వింత: అదే బెంచీ మీద అదే మనుషులు దోపిడీ మట్టుకు జూరర్లు, ఖూనీ మట్టుకు అసెసర్లు! బందిపోటు సొత్తు తీసుకున్నాడా లేదా అన్నది వాళ్ళ చేతిలో, మనిషి ప్రాణం తీశాడా లేదా అన్నది వాళ్ళ చేతిలో లేదు. తెల్లవాడు మనల్ని ఎంతవరకు నమ్మాడో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదని మా అభిప్రాయం.

ఇక పిలుపు సంగతి. 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం 21 ఏళ్ళు మొదలు 60 ఏళ్ళ దాకా మగవాళ్ళంతా ఈ పనికి బాధ్యులే. పోలీసులు, పెద్ద ఉద్యోగులు, వైద్యం చేసుకునేవారు, తమ మతంలో అర్చకత్వం, ఇమామత్ వంటి బాధ్యతలు నిజంగా నడిపేవారు మినహా. సెషన్సు జడ్జీ, కలెక్టరు కలిసి జాబితా తయారు చెయ్యాలి. పేరు, నివాసం, వృత్తి రాసి అక్షరక్రమంలో పేర్చి, కలెక్టరు కచేరీలో, కోర్టులో, ఊళ్ళో పదిమందికి కనబడే చోట అంటించాలి. అభ్యంతరాలుంటే చెప్పుకోవచ్చు. యేటేటా దానిని సవరించాలి.

సెషన్సు దగ్గర పడగానే కావలసిన వారికి కనీసం రెట్టింపు మందిని పిలిపించేవారు. ఎవరిని పిలవాలన్నది కోర్టులో అందరి ఎదుట చీట్లు తీసి తేల్చేవారు. గడచిన ఆరు నెలల్లో ఒకసారి కూర్చున్నవాడిని వీలైతే వదిలేసేవారు. తర్వాత బంట్రోతు సమను పట్టుకొని వచ్చేవాడు. ఫలానా తేదీన ఫలానా చోట హాజరు కావలెను అని. పోకపోతే నూరు రూపాయల దాకా జరిమానా. కట్టకపోతే సామాను జప్తు చేసి అమ్మడం, అదీ చాలకపోతే పదిహేను రోజుల దాకా సివిలు జైలు. ఆ రోజుల్లో నూరు రూపాయలంటే సామాన్య రైతు గుండె గుభేలుమనేది. మాచర్ల నుంచి గుంటూరు నూరు కిలోమీటర్లకు పైమాట. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డప్పుడు నెల్లూరు నుంచి తెచ్చి కలిపిన ఒంగోలు తాలూకా వాళ్ళకూ దగ్గరేమీ కాదు. పత్తి ఏరే రోజుల్లోనో, మిరపకాయ కోసి కళ్ళంలో ఎండబోసిన రోజుల్లోనో సమను వస్తే ఆ ఇంటి పరిస్థితి ఏమిటో రైతుబిడ్డలకు వేరే చెప్పనక్కరలేదు. గట్టి కారణం చూపితే జడ్జీ మినహాయించవచ్చు. మబ్బు పట్టింది, కాయ తడుస్తుంది అంటే ఒప్పుకొనేవాడా అన్నది దొరగారి దయ.

కోర్టులో మళ్ళీ చీట్లే. పేరు పిలవగానే లేచి నిలబడాలి. ముద్దాయికి అభ్యంతరం చెప్పే హక్కు ఉన్నది. ఫిర్యాదీకి చుట్టమని, పక్షపాతి అని, సాక్ష్యం ఇచ్చే భాష అర్థం కాదని చెప్పవచ్చు. అలవాటు చేతగానీ మతదీక్ష చేతగానీ లోకవ్యవహారాలు పూర్తిగా వదులుకున్నవాడు అన్నది కూడా ఒక అభ్యంతరమే. ఫకీరు గారూ, సన్యాసి గారూ ఇద్దరూ ఆ ఒక్క వాక్యంతో ఇంటికి పోవచ్చు! బేసి సంఖ్యలో, తొమ్మిదికి మించకుండా జూరీ కూర్చునేది. తమలో ఒకరిని ఫోర్మనుగా ఎన్నుకొనేవారు.

ప్రమాణం దగ్గర ఒక సంగతి చాలామందికి తెలియదు. 1873 ప్రమాణాల చట్టం ప్రకారం జూరరు హిందువైనా ముస్లిమైనా గ్రంథం పట్టుకొని ఒట్టు వేయనక్కరలేదు. సత్యం తప్పనని గంభీరంగా పలికితే చాలు. దేవుడి పేర ఒట్టు పెట్టడానికి జంకే భక్తిపరులకు ఇది పెద్ద ఊరట.

ఆ తర్వాత వినడమే పని. సాక్ష్యాలు, వకీళ్ళ వాదాలు, చివర జడ్జీ గారి ఉపన్యాసం. చట్టం ఇది, తేల్చవలసిన విషయాలు ఇవి అని ఆయన విప్పి చెప్పాలి. చట్టం సంగతి ఆయనది, జరిగిందా లేదా అన్నది జూరీది. అవసరమైతే నేరం జరిగిన చోటికి కూడా జూరీని తీసుకుపోవచ్చు. గదిలోకి పోయి ఆలోచించుకునేటప్పుడు కోర్టు అనుమతి లేకుండా ఎవ్వరూ వాళ్ళతో మాట్లాడకూడదు. అందరూ ఒక్కమాట కాకపోతే మరోసారి ఆలోచించమని జడ్జీ పంపవచ్చు. అప్పటికీ కుదరకపోతే ఎక్కువమంది మాట. దాన్ని జడ్జీ ఒప్పుకుంటే అదే తీర్పు. న్యాయం కోసం తప్పదని తోస్తే కేసు హైకోర్టుకు నివేదించవచ్చు. ఫౌజ్‌దారీ అదాలత్‌కు ఫత్వా పంపిన పద్ధతే ఇది, పేరు మారింది.

జూరరుగా కూర్చున్నవాడు తెలుసుకోవలసిన బరువైన సంగతి ఒకటున్నది. జూరీ దోషి అన్నాక ముద్దాయి అప్పీలులో చట్టం తప్పులను మాత్రమే ఎత్తిచూపగలడు, సాక్ష్యాన్ని మళ్ళీ తూచమని అడగలేడు. అంటే ఆ బెంచీ మీద కునికిపాట్లు పడ్డవాడి వల్ల ఒకడి జీవితమే పోవచ్చు.

ఇన్ని జాగ్రత్తలు రాసిన చట్టంలో మా దృష్టికి ఒక్క కంత కనబడుతుంది. బాధ్యత మగవాళ్ళందరిదీ అన్నారు. జాబితాలోకి మాత్రం జడ్జీ, కలెక్టరు తమ అభిప్రాయంలో తగినవారు అనుకున్న వారినే ఎక్కించాలన్నారు. చీట్లు ఎంత నిజాయితీగా తీసినా ఆ డబ్బాలో పడిన పేర్లలోంచే కదా తియ్యాలి. పత్తి ఏకే దూదేకుల సాయిబు, మిరప కళ్ళంలో కూలి మనిషి డబ్బాలో ఉన్నారా లేదా అని చీటీ తీసేవాడు అడగడు. ఆడవాళ్ళ మాట 1898 చట్టం ఎత్తనే లేదు. అమెరికాలోనూ చాలాకాలం ఇదే తంతు. 1968లో ఫెడరల్ కోర్టులకు ఒక చట్టం చేసి, సమాజంలోని అన్ని వర్గాలూ వచ్చేటట్టు ఓటర్ల జాబితాల వంటి వాటి నుంచి పేర్లు తియ్యాలన్నారు. మన పిల్లలకు ఉత్తరం వస్తున్నదంటే కారణం అటువంటి పద్ధతులే.

జూరీలో ఎవరు కూర్చున్నారన్నది తీర్పుకు ఎంత ముఖ్యమో తిలక్ కేసులు దేశానికంతా చూపించాయి. 1897లో బొంబాయి జూరీలో ఆరుగురు యూరోపియన్లు, ముగ్గురు భారతీయులు. తీర్పు ఆరు మూడుగా చీలింది. ఆ కేసులో తిలక్‌కు జామీను ఇచ్చిన జడ్జీ బద్రుద్దీన్ త్యాబ్జీ అని మన వాళ్ళు సగర్వంగా చెప్పుకోవచ్చు. 1908లో ఏడుగురు యూరోపియన్లు, ఇద్దరు పార్సీలు. తీర్పు ఏడు రెండు.

స్వరాజ్యం వచ్చాక డబ్బాను పెద్దది చేస్తారనుకుంటే డబ్బానే తీసేశారు. 1955 సవరణతో అసెసర్లు పోయారు. సెతల్వాడ్ గారి అధ్యక్షతన లా కమిషన్ 1958లో జూరీ కూడా వద్దన్నది. 1959లో నేవీ కమాండరు నానావతి కేసులో బొంబాయి జూరీ ఎనిమిది ఒకటిగా నిర్దోషి అన్నది. జడ్జీ ఒప్పుకోక హైకోర్టుకు పంపాడు, అక్కడ శిక్ష పడింది, 1961లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ కేసు వల్లనే జూరీ పోయిందని అందరూ అంటారు గానీ, అది పోయే దారిలో అప్పటికే ఉన్నది. 1974 ఏప్రిల్ 1న కొత్త కోడ్ అమల్లోకి వచ్చేటప్పటికి సెషన్సు విచారణలో జూరీకి చోటు లేదు. పార్సీల వివాహ వ్యాజ్యాల్లో కూర్చునే డెలిగేట్లు మాత్రం ఆ చట్టంలో మిగిలారు. జూరర్లకు కులం, చుట్టరికం, డబ్బు అడ్డొస్తాయని రద్దు కోరినవారి వాదం. అది కొట్టిపారేసేది కాదు. కానీ సాక్షులకు ఆ జబ్బు లేదా?

అయితే ఊరి మనిషి చేతి నుంచి ఈ పని పూర్తిగా పోలేదు. అనుమానాస్పదంగా ఎవరైనా చనిపోతే పోలీసులు శవ పంచనామాకు చుట్టుపక్కల నుంచి ఇద్దరు, అంతకు మించి పెద్దమనుషులను పంచాయతీదారులుగా పిలుస్తారు. సోదాకు, సొత్తు స్వాధీనానికి మధ్యవర్తులను పిలుస్తారు. నేడు పల్నాడులోగానీ, బాపట్లలోగానీ, ఒంగోలులోగానీ మన సభ్యులకు రాగల పిలుపు ఇదే. 2024 జూలై 1 నుంచి ఇది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కింద నడుస్తున్నది. సోదాకు రాతపూర్వకంగా పిలిచినప్పుడు తగిన కారణం లేకుండా రానంటే అది నేరం. వెళ్ళినవారు సోదా కళ్ళారా చూడాలి, దొరికిన వస్తువుల పట్టీ రాసిన తర్వాతనే సంతకం పెట్టాలి. సోదాను వీడియో తియ్యాలని కొత్త చట్టంలో ఉన్నది. కోర్టు ప్రత్యేకంగా సమను పంపితే తప్ప సాక్ష్యానికి పోనక్కరలేదు.

తెల్లకాగితం మీద వేలిముద్ర వేసి టీ తాగి వచ్చేవాళ్ళు ఉన్నారని మనకు తెలుసు. చదువురానివారు రాసింది చదివి వినిపించమని అడగాలి. శవ పంచనామా రిపోర్టు గురించి చట్టంలో ఒక చిన్న మాట ఉన్నది, పాత కోడ్‌లో 174వ సెక్షన్, కొత్తదానిలో 194. పోలీసు అధికారితో పాటు సంతకం పెట్టవలసింది వచ్చినవారంతా కాదు, అందులో రాసినదానితో ఏకీభవించినవారు. చావు ఎట్లా జరిగిందని అక్కడ రాశారో అది తనకు కనబడినదానితో సరిపోకపోతే సంతకం పెట్టకుండా లేచి రావచ్చు.