రెండు భాషలు, నాలుగున్నరేళ్లు

రెండో భాష నేర్చుకుంటే ముసలితనంలో డిమెన్షియా దగ్గరకు రాదని పత్రికలు ధీమాగా రాస్తున్నాయి. పరిశోధనల చరిత్ర అంత ధీమా ఇవ్వదు.

1923లో వేల్స్‌లో సేర్ అనే పరిశోధకుడు, రెండు భాషల పల్లెటూరి పిల్లలు తెలివి పరీక్షల్లో వెనకబడ్డారన్నాడు. 1962లో మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ అందుకు విరుద్ధమైన ఫలితం చూపించారు. చూపు వృద్ధాప్యం మీదికి మళ్లింది 2007లో. టొరంటోలో ఎలెన్ బయలిస్టాక్ బృందం 184 మంది రోగుల వివరాలు పరిశీలించి, ద్విభాషుల్లో డిమెన్షియా లక్షణాలు సుమారు నాలుగేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయంది. కానీ వారిలో చాలామంది వలస వచ్చినవారు. మేలు చేసింది భాషో, వలసో ఎలా తేల్చాలి?

ఈ ముడిని చాలావరకు విప్పింది హైదరాబాదే. ఇక్కడి నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. వారిలో 391 మందికి రెండు, అంతకుమించి భాషలు వచ్చు. ఏకభాషుల్లో లక్షణాలు సగటున 61.1 ఏళ్లకు మొదలైతే, వీరిలో 65.6 ఏళ్లకు. ఇక్కడ రెండో భాష కోసం దేశం దాటక్కర్లేదు. ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లీషు ఒకే పూటలో నడుస్తాయి. చదువురాని వారిలోనైతే తేడా ఆరేళ్లు. ఇదంతా చదువు మహిమే అనేవారికి ఇంతకన్నా సూటి జవాబు నేను చూడలేదు. మూడో భాష వల్ల మాత్రం అదనపు లాభం కనబడలేదు.

అయితే ఇది ఆసుపత్రి దాకా వచ్చినవారి లెక్క. జబ్బు ఎప్పుడు మొదలైందో ఇంటివాళ్లు గుర్తు తెచ్చుకుని చెప్పాలి. తెలిసిన వీధిలోనే పెద్దాయన దారి తప్పితే ఒక ఇంట్లో కంగారు పడతారు, మరో ఇంట్లో వయసు మీద పడిందిలే అనుకుంటారు. 2014లో ప్రచురించిన ఉత్తర మన్‌హటన్ అధ్యయనంలో, వెయ్యిమందికి పైగా స్పానిష్ మాతృభాషీయులైన వృద్ధులను ఏళ్ల తరబడి గమనించినా ద్విభాషులకు డిమెన్షియా ముప్పు తగ్గినట్టు తేలలేదు. దీన్ని కొట్టిపారేయలేం. కాకపోతే అక్కడి వలసదారుడి ఇంగ్లీషునూ, హైదరాబాదీ నోట పూటపూటా మారే మాటనూ ఒకే గాటన కట్టడం నాకు సమ్మతం కాదు.

అరవై దాటాక ఫోన్‌లో ఫ్రెంచి పదాలు బట్టీ పట్టేవారికి నిమ్స్ అంకెలు పూచీ పడవు. అంతకన్నా నన్ను బాధిస్తున్నది, పిల్లలకు ఇంగ్లీషొక్కటే చాలనుకుంటున్న మన ఇళ్లు. అమ్మమ్మతో నాలుగు మాటలు ఆడలేని ఆ పిల్లలనూ, మూడు భాషల్లో బేరమాడే వారి ఈడువాళ్లనూ ఇప్పటి నుంచే గమనిస్తూ పోయే అధ్యయనం ఈ నగరంలోనే మొదలు కావాలి.