ఒకే ఏడాది, రెండు సమాచారాలు

స్కాచ్ టేపు తయారుచేసే త్రీఎమ్ సంస్థకు పర్యావరణహిత పరిశ్రమల చరిత్రలో ప్రత్యేక స్థానముంది. కాలుష్య నివారణ లాభసాటి అని అర్థమిచ్చే పేరుతో ఆ సంస్థ 1975లో ఒక పథకం ప్రారంభించింది. పొగగొట్టం చివర వడపోత బిగించడం కాదు, వ్యర్థం పుట్టకముందే ఆపాలన్నది దాని రూపకర్త జోసెఫ్ లింగ్ వాదన. ఆచరణలో అదొక అంతర్గత సమాచార వ్యవస్థ. ప్రయోగశాలల్లో, కర్మాగారాల్లో పనిచేసేవారు స్వచ్ఛందంగా ప్రతిపాదనలు పంపితే, వివిధ విభాగాల ప్రతినిధుల సంఘం పరిశీలించి గుర్తింపునిచ్చేది. ప్రతిపాదన కాలుష్యాన్ని తగ్గించడంతోపాటు డబ్బునూ ఆదా చెయ్యాలి. పథకం దశాబ్దాలు నిలవడానికి ఈ రెండో షరతే కారణం. నా దృష్టిలో దాని పరిమితి కూడా అదే.

అదే 1975లో, బ్లడ్‌బ్యాంకుల రక్తంలో ఫ్లోరిన్ సమ్మేళనాల ఆనవాళ్ళు కనుగొన్న ఇద్దరు బయటి శాస్త్రవేత్తలు త్రీఎమ్‌ను సంప్రదించారు. కొద్దికాలానికే సంస్థ తన కార్మికుల రక్తంలోనూ వాటిని గుర్తించింది. ఇది ఆదా తెచ్చే సమాచారం కాదు. లాభాలు పండించే సరుకునే ప్రశ్నించేది. కింది ఉద్యోగి పొదుపు ఆలోచనకు అంత చక్కని దారి వేసిన సంస్థలో ఈ మాట గడప దాటడానికి రెండు దశాబ్దాలు దాటింది. సామాన్య ప్రజల రక్తంలో ఆ రసాయనం ఉందని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థకు తెలిపింది 1998లో. ఉత్పత్తి విరమిస్తామని ప్రకటించింది 2000 మే నెలలో. సమాచారం సకాలంలో ఇవ్వకపోవడంతో సహా పలు ఉల్లంఘనలకు 2006లో 15 లక్షల డాలర్లకు పైగా జరిమానా కట్టింది.

ప్రతిపాదనల పథకం మాత్రం ఈ కాలమంతా నిరాటంకంగా సాగింది.