దుబాయి నుంచి వచ్చే ఆవాజ్

2016లో నెల రోజుల తేడాతో మా దగ్గర రెండు మార్పులు జరిగాయి. సెప్టెంబర్ 5న జియో వచ్చింది. అక్టోబర్ 11న, దసరా రోజు, కరీంనగర్ నుంచి విడిపోయి జగిత్యాల ఒక జిల్లా, సిరిసిల్ల ఒక జిల్లా అయ్యాయి. కోరుట్ల జగిత్యాల కిందికి పోయింది. అఖ్బార్ల నిండా జిల్లాల ముచ్చటే. మా మొహల్లాల జిందగీని ఎక్కువ మార్చింది మాత్రం మొదటిదే అంటాను. ఇక్కడ దుబాయిలో మనిషి లేని గల్లీ లేదు. (రియాద్ పోయినా, మస్కట్ పోయినా మా వాళ్లకు అది దుబాయే.)

బోర్లు ఎండిన రైతులు, సిరిసిల్లలో సాంచాల మీద బతుకు ఎల్లని నేతగాళ్లు, కోరుట్లలో చిన్నాచితకా పనులు చేసుకునే మా వాళ్లు గల్ఫ్ విమానం ఎక్కారు. ఇంటి దగ్గర ఆడవాళ్లు బీడీలు చుడుతూ ఖత్ కోసం ఇంతెజార్ చేసేవాళ్లు. వాళ్లలో చాలామందికి చదువు రాదు. ఉర్దూ మీడియం పిల్లగాణ్ణి కాబట్టి చదివి పెట్టే నౌకరీ నాకు దొరికింది. మియా బీవీకి రాసుకున్న మాట నా నోట రావాలి, పక్కన సాస్ కూర్చుని వినాలి. అందుకే ఆ ఖత్‌లలో సలాం, దువా, ఖైరియత్ తప్ప ఏమీ ఉండేది కాదు. కఫీల్ జీతం ఇవ్వడం లేదనే మాట పిల్లగాడు చదివే కాగితం మీద ఎవరు పెడతారు? తర్వాత టేప్‌రికార్డర్ క్యాసెట్లు వచ్చాయి. అదీ ఇల్లంతా కూర్చుని వినేదే.

పసుప్పచ్చ బోర్డుల ఎస్టీడీ బూత్‌లో అద్దాల తలుపు ఉండేది గానీ, ఎర్ర అంకెల మీటర్ తిరుగుతుంటే గుండె నిలిచేది కాదు. 1995 జూలై 31న దేశంలో మొదటి మొబైల్ కాల్ కలిసినా, నిమిషానికి 16 రూపాయల దాకా ఉన్న ఆ ఫోన్ మాది కాదు. 2002 ఏప్రిల్ 1 నుంచి ఇంటర్నెట్ మీద మాట్లాడటం దేశంలో చట్టబద్ధమైంది. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాకే ఫోన్ బీడీల చాటలోకి చేరింది.

అసలు మలుపు డేటాతో వచ్చింది. మామూలు కాల్‌లో మాట్లాడినంతసేపూ ఒక దారి మన కోసం పట్టి ఉంచాలి, దూరాన్ని బట్టి పైసలు కట్టాలి. నెట్‌లో గొంతు చిన్న చిన్న ముక్కలై పోతుంది. కోరుట్ల నుంచి మెట్‌పల్లికి పోయినా, జెద్దాకు పోయినా ఖర్చు ఒకటే. 2జీలో ఆ ముక్కలు ఆగిఆగి వచ్చేవి. 2010 వేలం తర్వాత ప్రైవేటు కంపెనీల 3జీ మొదలైంది. చాలాకాలం చుట్టీకి వచ్చినవాళ్లు తెచ్చిన ఫోన్ మా టవర్ కంటే హుషారుగా ఉండేది! బలహీనమైన నెట్ మీదా నడుస్తుందని ఇమో మా దగ్గర పాకింది. జియో 2017 మార్చి దాకా డేటా ముఫ్త్‌గా ఇచ్చేసరికి వీడియో కాల్ మామూలైపోయింది.

నెట్ వేగం తెచ్చిందని అందరూ అంటారు. నా లెక్కలో అది తెచ్చింది పరదా. ఔరత్ ఇయర్‌ఫోన్ పెట్టుకుని డాబా ఎక్కితే మాట ఇద్దరి మధ్యే ఉంటుంది. ఒక గదిలో ఎనిమిది మంచాలు, ఆగిన జీతం, ముగిసిన ఇఖామా అప్పుడే ఇళ్లకు తెలిశాయి. చిక్కుకున్నవాళ్లు సాయం కోసం వీడియోలు పంపడమూ అప్పటి నుంచే.

అయితే అవతల గేటు కూడా ఉంది. సౌదీ 2017 సెప్టెంబర్‌లో ఇంటర్నెట్ కాల్స్‌కు ఇజాజత్ ఇచ్చింది. ఎమిరేట్స్‌లో వాట్సాప్ కాల్ కలవదు, బోటిమ్ లాంటి ఇజాజత్ ఉన్న యాప్ పెట్టుకోవాలి. ఒకే గల్లీలో రియాద్ వాడి బీవీకి ఒక యాప్, దుబాయి వాడి బీవీకి ఇంకొకటి.

తండ్రి జనాజాను కొడుకు ఫోన్‌లో చూడటం కూడా ఇప్పుడు మా దగ్గర ఉంది. కబ్రస్తాన్‌లో ఎవరో ఒకరు చెయ్యెత్తి ఫోన్ పట్టుకుంటారు. కొందరు బుజుర్గులకు నచ్చదు. చుట్టీ దొరకని కొడుక్కి ఇంకేం దారి ఉందో వాళ్లు చెప్పలేదు.

తారీఖ్ రాసేవాడికి ఇందులో నుక్సాన్ కూడా ఉంది. ఖత్‌లు రేకు పెట్టెల్లో ఇంకా ఉన్నాయి. వాయిస్ మెసేజ్‌లు ఫోన్ మారగానే పోతున్నాయి. మా మొహల్లాలో ఒక ఆపా ఛార్జింగ్ ఎక్కని ఫోన్‌ను గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టుకుంది. మస్కట్‌లో పోయిన ఆయన ఆవాజ్ అందులో ఉందట.