తపాలా బిళ్లపై తెలుగు

మొన్న మా విద్యార్థి యొకడు తాతగారి పెట్టెలో, ప్రత్తి లెక్కల కట్టల నడుమ దొరకిన రెండు పాత కవర్లను తెచ్చి మాకు చూపెను. ఒకదానిపై ఆరవ జార్జి చక్రవర్తి ముఖము. రెండవదానిపై 1931లో వెలువడిన చార్మినారు బొమ్మ. "మాస్టారూ, మొదటిది మనది. రెండవది ఏ దేశముది? నీళ్లలో నానవేసి రెంటిని ఊడదీయుదునా?" అని యడిగెను. వలదంటిమి. అవి రెండును తెలుగువారు తెలుగువారికి వ్రాసికొన్న యుత్తరములే.

గుంటూరు సర్కారు 1788లో ఇంగ్లీషు కంపెనీ వశమయ్యెను. కృష్ణ కావలి నల్లగొండ సీమ నైజాము రాజ్యముననే నిలిచెను. ఏరొక్కటే, దొరతనములు రెండు. 1949 నుండి 1990 వరకు జర్మనులకును ఇట్టి యవస్థయే పట్టినది. భాష యొక్కటే, బిళ్లలు వేరు.

నైజాము ప్రభుత్వము 1869లో సొంత బిళ్లలను వెలువరింప మొదలిడెను. వానిని గుర్తించుట కష్టము గాదు. ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీలతోపాటు తెలుగులోను వెల కనబడును. ఉర్దూలో 'సర్కారీ' యను అదనపు ముద్ర యున్నచో నది కచేరీల వాడుకకైనది.

ఇందొక వింత గలదు. మన జిల్లాల నేలిన బ్రిటిషువారి బిళ్లపై తెలుగక్షర మొక్కటియు లేదు. 1918లో ఉర్దూ బోధనాభాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయమును నెలకొల్పిన ప్రభుత్వపు బిళ్లపై తెలుగు గలదు! అణా బిళ్లపై చోటు దొరకిన భాషకు కళాశాలలో బోధనాభాషగా పీట దొరకలేదు. బిళ్లను మాత్రమే చూచి చరిత్ర వ్రాయువాడు మోసపోవును.

మా విద్యార్థియు నట్లే మోసపోయెను. చక్రవర్తి బొమ్మగల కవరుపై తపాలా ముద్రను చదివించితిమి: నల్లగొండ! నైజాము బిళ్ల ఆ రాజ్యము లోపలనే చెల్లెడిది. పొలిమేర దాటి గుంటూరు చేరవలసిన యుత్తరమునకు బ్రిటిషు ఇండియా బిళ్ల కావలసియుండెను. కావున బిళ్ల తపాలా నడపిన ప్రభుత్వమును మాత్రమే చెప్పును. ఉత్తరము పుట్టిన యూరును చెప్పునది ముద్ర. బిళ్లను ఊడదీసినచో ఆ సాక్ష్యము నీళ్లపాలే.

1950 ఏప్రిల్ 1న నైజాము తపాలా భారత తపాలాలో కలిసిపోయెను. 1956లో ఆంధ్రప్రదేశ మేర్పడెను. 2014లో రాష్ట్రములు మరల రెండైనను బిళ్ల మాత్ర మొక్కటిగనే నిలిచినది. మిరప, ప్రత్తి లెక్కల నడుమ ఇట్టి కవర్లు మన యిండ్ల అటకలపై నెన్ని యున్నవో! చదువరులారా, వానిని చెదలకును కత్తెరకును విడువకుడు. విడిపోయి బ్రదికిన మన పెద్దలు ఒకరి నొకరు మరువలేదనుటకు అవియే సాక్ష్యములు.