వాళ్ల కాగితాల్లోంచే మన సాక్ష్యం



మన తాతల గురించి ఉన్న పాత కాగితాలు చాలావరకు పరాయివాళ్లు రాసినవే. వాటిని నమ్మాలా, పక్కన పడేయాలా? మూడో దారి ఒకటుంది. అందులోని మాటల్ని లెక్కపెట్టడం. సామాజిక శాస్త్రంలో దీన్నే కంటెంట్ అనాలిసిస్, అంటే విషయ విశ్లేషణ అంటారు.

ఈ పేరు రాకముందే ఆ పని చేసి చూపించింది ఐడా బి. వెల్స్. 1862లో అమెరికాలో బానిసత్వంలో పుట్టిన నల్లజాతి మహిళ, పత్రికా సంపాదకురాలు. 1892లో మెంఫిస్‌లో ఆమె స్నేహితుణ్ణి, ఇంకో ఇద్దర్ని తెల్లవాళ్ల గుంపు చంపేసింది. ఇలాంటి మూక హత్యలకి అప్పట్లో పెద్ద సాకు ఒకటే: 'తెల్ల ఆడవాళ్ల మీద అత్యాచారం చేశారు' అని. వెల్స్ ఏం చేసిందంటే, తెల్లవాళ్ల పత్రిక చికాగో ట్రిబ్యూన్ లెక్కల్నే ముందు పెట్టుకుంది. 8 ఏళ్లలో 728 మంది. అందులో అత్యాచారం ఆరోపణ ఉన్నది మూడో వంతు మంది మీదే. అదీ ఆరోపణే, రుజువు కాదు! 1895లో తెచ్చిన 'ఎ రెడ్ రికార్డ్'లో హతుల్ని ఆరోపణల వారీగా విడదీసి మరీ చూపించింది.

1952లో బెర్నార్డ్ బెరెల్సన్ ఈ పద్ధతి మీద పుస్తకమే రాశాడు. పని ఇలా సాగుతుంది: ముందు ప్రశ్న ఒకటి పెట్టుకోవాలి. ఏ కాగితాలు, ఏ ఏళ్లవి అన్నది ముందే తేల్చుకోవాలి. మనకి నచ్చినవే ఏరుకుంటే అది పరిశోధన కాదు. మాటల్ని ఏ వర్గాలుగా విడదీస్తామో రాసుకోవాలి. ఒకే కాగితాన్ని ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి పోల్చుకోవాలి.

ఇక మన సంగతి. కల్లు మీద పన్ను, మన్సబ్‌దారు దోపిడీ భరించలేక 1879లో రంప కొండలు తిరగబడితే, సర్కారు రాతల్లో అది 'ఫితూరీ' అయింది. అందుకే లెక్కతో పాటు అర్థం కూడా చూడాలి. సర్కారు రాతల్లో 'బద్మాష్' అని ఉన్నచోట తిరగబడ్డ రైతు కనిపిస్తాడని 1983లో రణజిత్ గుహ చూపించాడు.

మనమూ మొదలుపెడదాం. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది కదా, ఆ తర్వాతి ఒక ఏడాది పత్రికలో పోడు వార్తలన్నీ తీద్దాం. 'ఆక్రమణ' ఎన్నిసార్లు, 'హక్కు' ఎన్నిసార్లు? అధికారి మాట ఎన్ని వార్తల్లో ఉంది, పోడు రైతు మాట ఎన్నింట్లో ఉంది? 'మాకు అన్యాయం జరిగింది' అంటే ఆవేశం అని కొట్టిపారేస్తారు. లెక్క పెట్టి చూపిస్తే జవాబు చెప్పక తప్పదు.