వీరగాథలలో వర్ణద్వేషము



పురాణ కాలక్షేపమునందు వీరుని విజయమును వినుట మనకు తరతరాల అలవాటు. వీరు డెట్లు గెలిచెనని అడుగుదుము గాని, ఎవరిని శత్రువుగా ఎంచెనని అడుగుట అరుదు. ఈ రెండవ ప్రశ్నను నేడు అమెరికా దేశపు వీరగాథల విషయమున విచారింప దలచితిని.

1938వ సంవత్సరమున జెర్రీ సీగెల్, జో షూస్టర్ అను ఇద్దరు యువకులు కల్పించిన సూపర్‌మాన్ అను వీరుని బొమ్మల కథ వెలువడెను. ఇరువురును వలసవచ్చిన యూదుల బిడ్డలు. వారి వీరుడును వలసవచ్చినవాడే. నశించిన వేరొక గ్రహమునుండి శిశువుగా భూమిని చేరినవాడు. అమానుషమైన బలము గలవాడు, దీనులకు అండ.

అట్టివాడును యుద్ధకాలమున తప్పుదారి పట్టెను. 1942 మొదలు అమెరికా ప్రభుత్వము జపాను సంతతివారిని సుమారు 1,20,000 మందిని శిబిరములలో నిర్బంధించెను. వారిలో మూడింట రెండువంతులు ఆ దేశపు పౌరులే. 1943లో ఒక సంచిక ముఖచిత్రమున ఈ వీరుడే జపానీయులను హేళనచేయు యుద్ధఋణ ప్రకటనలను అచ్చొత్తుచు కనబడెను. శత్రు రాజ్యముతో పోరు వేరు. ఒక జాతినంతను అవమానించుట వేరు.

మూడేండ్లకు, 1946 జూన్ నెలలో, అదే వీరుని కథ రేడియోలో వేరొక త్రోవ తొక్కెను. అది పదునారు భాగముల నాటకము. 1865లో అంతర్యుద్ధము ముగిసిన పిమ్మట పుట్టి, 1915లో మరల తలయెత్తిన కూ క్లక్స్ క్లాన్ అను రహస్య సంఘము ముసుగులు ధరించి నల్లజాతివారిని హింసించెడిది. నాటకమున దానికి వేరు పేరు పెట్టిరి గాని, పోలిక స్పష్టము.

ఒక చీనా కుటుంబము పట్టణమునకు వచ్చును. ఆ యింటి కుఱ్ఱడు టామీ బేస్‌బాల్ ఆటలో నేర్పరి. వాని రాకతో చక్ అను తెల్ల బాలుని స్థానము పోవును. చక్ తన కోపమును తండ్రివరుసవాని కడ వెళ్ళబోసికొనును. ఆ పెద్దమనిషియే రహస్య సంఘమునకు స్థానిక నాయకుడు! ఒక రాత్రి చీనావారి యింటి ముంగిట శిలువ మండును. సూపర్‌మాన్ బలము ప్రాణములను కాపాడును, నిజమే. అయినను నాకు ఘనముగా తోచినది, భయపడుచునే తన యింటివాని గుట్టును బయటపెట్టిన చక్ ధైర్యము.

ఇంకొక ఘట్టము కలదు. జాతిశుద్ధియని తాను నమ్మినదంతయు తన పై నాయకునికి ఒట్టి వ్యాపారమని ఆ పెద్దమనిషి తుదకు తెలిసికొనును. ఇది కేవల కల్పన కాదు. 1920 ప్రాంతమున నిజమైన సంఘము తలకు పది డాలర్లు ప్రవేశ రుసుము గైకొని, ముసుగులను, అంగీలను వేరుగా అమ్మెను.

ఈ నాటకమునందును కొరత కలదు. ఆ సంఘముచేత అందరికంటె ఎక్కువ బాధపడిన నల్లజాతివారు కథకు నడుమ లేరు. పెద్ద ప్రచురణ సంస్థల కథలలో బ్లాక్ పాంథర్ అను నల్లజాతి మహావీరుడు కనబడుటకు 1966 వరకు పట్టెను. 2019లో చీనా సంతతివాడగు జీన్ లుయెన్ యాంగ్ ఈ రేడియో కథనే బొమ్మల పుస్తకముగా తిరిగి చెప్పుచు, టామీ చెల్లెలికి ప్రధానస్థాన మిచ్చెను.

పెద్దలారా! పగను ఏ బిడ్డయు పుట్టుకతో తేడు. చక్ కోపము పసివాని కోపము. దానికి మంట పెట్టినవాడు వాడు గౌరవించిన పెద్దవాడు. మన అరుగులమీది మాటలను పిల్లలు వినుచునే యుందురు. వాటిని సరిదిద్దుటకు ఆకాశమునుండి వీరుడు దిగిరానక్కరలేదు.